దాచుకోమన్న చిల్లరమ్మమ్మ

ముప్ఫయ్యొక్కేళ్ళు కదిలే బస్సులో నిలబడి బతికిన మనిషికి కూర్చోవడం ఓ పట్టాన అలవాటు కాదు. అందుకే రిటైరైన కండక్టరమ్మ ఆదివారం పొద్దున సైకిలు షాపు మీది గదిలో పిల్లలకి డబ్బు పాఠం చెప్పేటప్పుడు తనకంటూ కుర్చీ వేసుకోదు. పిల్లలకి మాత్రం దర్జా తక్కువ చెయ్యలేదు. డిపోలో తుక్కు కింద వేలం వేసిన బస్సు సీట్లు ఆరు కొని తెచ్చి, రెండు వరసలుగా బిగించి, మధ్యలో దారి వదిలింది. ఆ దారిలో ముందుకీ వెనక్కీ తిరుగుతూ చెప్పేది చెబుతుంది. గది ఏ మలుపూ తిరగదని తెలిసినా, పాఠం మంచి పట్టులో ఉన్నప్పుడు ఆమె చెయ్యి దానంతటదే సీటు కడ్డీ పట్టుకుంటుంది.

పిల్లలు ఆమెను చిల్లరమ్మమ్మ అంటారు. చిల్లర అన్న మాటకి మన భాషలో జరిగినంత అన్యాయం ఇంకే మాటకీ జరగలేదు. చిల్లర మనిషి, చిల్లర బుద్ధి, చిల్లర వేషాలు. ఎవరినైనా తీసిపారెయ్యాలంటే చాలు, ఆ మాటే నోటికొస్తుంది. పెద్ద కాగితం ఒక్కటే జేబులో పెట్టుకుని కిక్కిరిసిన బస్సెక్కినవాడికి తెలుస్తుంది చిల్లర ఎంత గొప్ప వస్తువో. మొదటిసారి ఎవరో పిల్లవాడు ఆ పేరుతో పిలిస్తే వాళ్ళమ్మ వీపు మీద ఒకటి వెయ్యబోయింది. కండక్టరమ్మ అడ్డుపడింది.

"అననియ్యమ్మా. ముప్ఫయ్యేళ్ళు చిల్లర, చిల్లర అని నేనే అరిచాను. ఇప్పుడు వాళ్ళ వంతు."

ఆమె బస్సులో ఒక పద్ధతి ఉండేది. చిల్లర లేనప్పుడు కండక్టర్లందరూ చేసే పనే ఆమె కూడా చేసేది, ఇవ్వాల్సినదెంతో టిక్కెట్టు వెనక రాసిచ్చేది. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. సగం మంది మరిచిపోతారు, ఆ మరుపు మీద కొందరు కండక్టర్లు ఇళ్ళకి సున్నాలు కూడా వేయించుకున్నారని డిపోలో చెప్పుకునేవారు. ఈమె మాత్రం స్టాపు రాకముందే కేకేసేది. "వెనక నీలం చొక్కా, నీకు పదిహేను రావాలి! కిటికీ పక్క కళ్ళజోడు, లేవయ్యా, నీ డబ్బు నా దగ్గరుంది!" నిద్రపోయేవాణ్ణి లేపి మరీ డబ్బిచ్చే కండక్టరుని లోకంలో ఎంతమంది చూసుంటారు?

అలా లేపిన వాళ్ళలో ఒక బడిపిల్ల ఉంది. టిక్కెట్టు వెనక ముప్ఫై అని రాసి ఉన్నా, అడక్కుండా దిగిపోతుంటే కండక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎందుకడగలేదే?" అంటే ఆ పిల్ల తలొంచుకుని, "అడిగితే మీరేమనుకుంటారో అని" అంది. చక్రవడ్డీ లెక్కలు చేతి వేళ్ళ మీద చేసే పిల్ల! తనకి రావాల్సింది తను అడగడానికి సిగ్గు. ఆ రోజు నుంచీ ఆమె మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. రిటైరైన మర్నెలలోనే సైకిలు షాపు ఆయన్ని అడిగి పైగది తీసుకుంది. అద్దె ఎంతని అడిగితే ఆయన, "మా వాడికి కూడా చెప్పక్కా, అదే అద్దె" అన్నాడు.

ఫీజు లేదు. కానీ ఉత్తినే ఎక్కనివ్వదు. ఆ వారం చేసిన ఒక ఖర్చు గురించి అందరి ముందూ నిజం చెప్పాలి. అదే టిక్కెట్టు. పదేళ్ళ వాళ్ళ దగ్గర్నుంచి కాలేజీ మెట్లెక్కిన వాళ్ళ దాకా పదిహేను మంది వరకూ పోగయ్యారు. ఆమె పాఠాలన్నీ బస్సు భాషలోనే. ఏదైనా కొనాలనిపించగానే లోపల ఒక కేక వెయ్యాలి: "హోల్డాన్!" బండి ఆగాలి. ఇది లేకపోతే రేపు ఏమవుతుంది, దీని బదులు ఏం వదులుకుంటున్నాను అని అటూ ఇటూ చూసుకోవాలి. అప్పుడుగానీ "రైట్ రైట్" అనకూడదు. వీధిలో కొట్టు ముందు నిలబడి పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు "హోల్డాన్!" అని అరుచుకుంటుంటే, కొట్టువాళ్ళు ఈమె వంక గుర్రుగా చూసేవారు.

జేబులో దువ్వెన లేకుండా అడుగు బయటపెట్టని ఒక కాలేజీ కుర్రాడుండేవాడు. అందరూ హీరో అనేవారు. వాడొకసారి ఫోను కొంటానన్నాడు. "నెలకి తొమ్మిదొందలే అమ్మమ్మా. వడ్డీ కూడా లేదు."

"ఎన్ని నెలలు?"

"ఏమో. తొమ్మిదొందలేగా!"

"ఒరే, బస్సెక్కి స్టేజీకెంత అని అడుగుతావా, ఊరికెంత అని అడుగుతావా?"

"ఊరికే."

"ఊరికే అనుకున్నావు గనకే వాడు నీకు స్టేజీ ధర చెప్పాడు. పో, ఆఖరి స్టాపు దాకా ఎంతవుతుందో కనుక్కునిరా."

వాడు కనుక్కొచ్చాడు. మొహం వాడిపోయింది. కొనడం మాత్రం కొన్నాడు, ఆరు నెలలు ఆగి, మొత్తం డబ్బుతో. పాఠం ఫలించింది అంటే ఇల్లాగే, గురువుగారి మాట సగం, శిష్యుడి సరదా సగం.

ఇంత తెలివిగల మనిషి కూడా ఒక తప్పు చేసింది. అది లెక్కలో తప్పు కాదు, మాటలో తప్పు. "చేతికొచ్చింది మొత్తం ఖర్చు చెయ్యకండర్రా, కొంత దాచుకోండి" అని ప్రతి ఆదివారం చెప్పేది. పెద్దవాళ్ళం అందరం చెప్పే మాటే. కానీ దాచుకోవడం అంటే రేపటికి మిగుల్చుకోవడం, దాచడం అంటే కళ్ళబడకుండా చెయ్యడం. ఈ రెండూ ఒకే ధాతువులోంచి పుట్టిన కవలలు, వెనకనుంచి చూస్తే ఎవరెవరో కన్నతల్లికి కూడా తెలియదు.

ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించింది పిచ్చుక. బోర్డులు రాసే పెయింటరు కూతురు, ఎనిమిదో తరగతి. మనిషి ఇంతే ఉంటుంది, మాట కూడా కిచకిచే. చేతిరాత మాత్రం తండ్రిది. బడి తెరిచిన దగ్గర్నుంచీ తోటి పిల్లల పుస్తకాల అట్టల మీద పేర్లు అందంగా రాసిపెట్టి, పేరుకి ఐదు చొప్పున తీసుకుని, నాలుగు నెలల్లో ఎనిమిది వందల అరవై కూడబెట్టింది. దాచుకోమన్నారు కదా! తండ్రి వాడకం మానేసిన పాత స్టెన్సిలు కాగితాల చుట్టలో ఎవరికంటా పడకుండా దాచింది. బట్ట మీద మిషను బోర్డులు వచ్చిన దగ్గర్నుంచీ ఆ చుట్టల జోలికి ఎవరూ వెళ్ళడం లేదు.

ఆ నాలుగో నెలలోనే పెయింటరు ఇనప నిచ్చెన కాలు వంగి, రెండు మెట్లు ఊడిపోయాయి. వెల్డింగుకి ఎనిమిది వందలు అడిగారు. చేతిలో లేదు. నాలుగిళ్ళు తిరిగాడు, దొరకలేదు. ఈలోగా మూడంతస్తుల గోడ మీద రాయాల్సిన ఆరు వేల పని, నిచ్చెనున్న ఇంకొకడికి పోయింది. వారం తర్వాత పెయింటరు భార్య అటక సర్దుతూ చుట్ట విప్పితే, కాళ్ళ దగ్గర నోట్లు రాలాయి.

ఆదివారం పాఠం మధ్యలో ఆవిడ గదిలోకి వచ్చి దారికడ్డంగా నిలబడింది. బేకరీలో డబ్బాలు కట్టే పని ఆవిడది. చేతులకి పిండి ఇంకా ఉంది.

"పిన్నిగారూ, నా కూతురికి మంచి విద్యే నేర్పారు."

"ఏమైందమ్మా?"

"మొగుడు ఎనిమిది వందల కోసం గడప గడపా తిరుగుతుంటే, ఇంట్లో ఎనిమిది వందల అరవై ఉంది. నా కూతురు చూస్తూ కూర్చుంది. మొదట ఎక్కడైనా దొంగిలించిందేమోనని చెయ్యి కూడా చేసుకున్నాను. అడిగితే ఏమందో తెలుసా? అమ్మమ్మ దాచుకోమంది అని."

"నేను దాచుకోమన్నానమ్మా. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా దాచమన్లేదు."

"ఆ 'కో' నా కూతురికి వినపడలేదు పిన్నిగారూ!"

హీరో దువ్వెన తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ వెళ్ళేముందు ఇంకో మాట అంది, అదే కండక్టరమ్మకి అసలు దెబ్బ. "ఇప్పుడది డబ్బంటే భయపడుతోంది. పెన్సిలుకిచ్చినా ముట్టుకోదు. 'నా వల్లే నాన్న పని పోయింది' అంటుంది. ఇక ఈ మెట్లెక్కదు, నేనూ ఎక్కమనను."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. కండక్టరమ్మకి ఆ రోజు అన్నం సయించలేదు. తన తప్పేమీ లేదని వాదించుకోవడానికి ఆమెకి దారులు బోలెడున్నాయి. పదిహేను మంది విన్నారు, ఒక్కతే తప్పుగా అర్థం చేసుకుంది. కానీ బస్సులో ఒక నియమం ఉంది. తప్పు టిక్కెట్టు కొడితే ఆ తేడా సంచీలోంచి తియ్యకూడదు, కండక్టరు తన జీతంలోంచి కట్టాలి. ప్రయాణికుడు సరిగ్గా వినలేదంటే డిపోలో ఎవరూ ఒప్పుకోరు. ఒక పిల్ల తనకి రావాల్సింది అడగడానికి సిగ్గుపడిందని మొదలుపెట్టిన బడి ఇది. ఇప్పుడు ఇంకో పిల్ల తను సంపాదించుకున్నది ముట్టుకోడానికి భయపడుతోంది. ఇది ఇలాగే వదిలేస్తే ఈ గదికి తాళం వేసుకోవడం నయం అనుకుంది.

మర్నాడు సాయంత్రం పెయింటరు ఇంటికి వెళ్ళింది. రెండే గదులు. ముందుగదిలో టర్పెంటైను వాసన, గోడకి ఆనించిన కుంటి నిచ్చెన, పక్కనే అక్షరాల కొలతలు వేసి చూసుకోవడానికి నల్లరంగు పూసిన పెద్ద రేకు. కిటికీలో కుంచెల డబ్బా కింద ఆ ఎనిమిది వందల అరవై అలాగే ఉంది. వారం నుంచీ దాన్ని ఎవరూ ముట్టలేదు. తల్లి ముట్టదు, తండ్రి ముట్టడు, పిల్ల ఆ కిటికీ వైపే చూడదు. డబ్బు ఇంట్లో ఉండి ఇంతమందిని ఏడిపించడం అరుదు.

పెయింటరు లేచి నిలబడ్డాడు. పొడుగ్గా, సన్నగా, తన కుంచెకి తమ్ముడిలా ఉంటాడు. "రండమ్మా. మా ఆవిడ తొందరపడి ఏదో అందిట."

"తొందరేం లేదు నాయనా, న్యాయంగానే అంది. నేను తప్పు చెప్పాను. ఆ మాట పిచ్చుకతో చెప్పిపోదామని వచ్చాను." అని, లోపలి గది గుమ్మంలో గోడకి అతుక్కుపోయి నిలబడ్డ పిల్ల వైపు తిరిగింది. "ఒసే పిచ్చుకా, తప్పు టిక్కెట్టు కొట్టింది నేను. నువ్వెందుకే జరిమానా కడుతున్నావు?"

పిల్ల గోడకి ఇంకా దగ్గరగా జరిగింది. తల్లే అంది, "చెప్పు. నాన్నకి అవసరమని తెలిసి కూడా ఎందుకు దాచావో చెప్పు."

అప్పుడు పగిలింది ఆనకట్ట. "నాకెవరు చెప్పారు? నాన్న రోజూ అలా కూర్చుంటే 'ఏంటి నాన్నా' అని అడిగాను. 'ఏం లేదు, నువ్వు చదువుకో' అన్నాడు. నిచ్చెనకి ఏమైందంటే 'ఏం లేదు' అన్నాడు. అన్నం ఎందుకు తినట్లేదంటే 'ఏం లేదు' అన్నాడు. ఏం లేదన్నాడుగా మరి!"

పెయింటరు ఒట్టి చేతులు రెండూ చాపి చూపించాడు. "ఏం లేదంటే, నిజంగానే ఏం లేదే తల్లీ!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందు నవ్వింది భార్యే. ఏడుస్తూ నవ్వింది. పెయింటరు కూడా నవ్వబోయి, మొహం తిప్పుకుని పైపంచెతో కళ్ళొత్తుకున్నాడు. లక్షల ఇళ్ళల్లో సాయంత్రం పూట తండ్రులు ఆ రెండు మాటలే అంటారు, పిల్లలు వాటిని ఇంకో అర్థంలో విని నిశ్చింతగా నిద్రపోతారు.

కండక్టరమ్మ మాత్రం నవ్వలేదు. తన పాఠంలో ఉన్న అసలు కంత ఎక్కడో అప్పుడు కనపడింది ఆమెకి. ఏడాది నుంచీ పిల్లలకి డబ్బు ఎలా వాడాలో చెబుతోంది కానీ, వాళ్ళింట్లో డబ్బు ఎంతుందో వాళ్ళకెవరూ చెప్పలేదు. ఎక్కడికి పోతుందో తెలియని బస్సులో కూర్చోబెట్టి, టిక్కెట్టు ధర సరిచూసుకోమంటోంది.

"నాయనా, నువ్వు నెలకెంత సంపాదిస్తావు?" అని అడిగింది.

పెయింటరు ఉలిక్కిపడ్డాడు. "పిల్ల ముందు అవన్నీ ఎందుకమ్మా?"

"పిల్ల ముందే."

"బయటెవరికైనా చెబుతుందేమో."

"నాలుగు నెలల పాటు ఎనిమిది వందల అరవై కడుపులో పెట్టుకున్న పిల్ల. నువ్వూ నేనూ దాని ముందు దిగదుడుపు."

భార్య సుద్దముక్క తీసి చేతికిచ్చింది. పెయింటరుకి నోటితో చెప్పడం రాదు, రాయడమే వచ్చు. నల్లరేకు ముందు నిలబడి, పోయిన నెల వచ్చిన పనులు ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాడు. సిగ్గుతో మొదలుపెట్టినవాడు రెండో వరసకి వచ్చేసరికి అక్షరాలకి తలకట్లు దిద్దడం మొదలుపెట్టాడు. ఇటువైపు వచ్చినవి, అటువైపు పోయినవి: అద్దె, రంగులు, కరెంటు, బడి, సరుకులు. చివర మిగిలిన అంకె చిన్నగా రాశాడు. ఇంట్లో ముగ్గురూ ఆ రేకు వైపు చూస్తూ నిలబడ్డారు. పిచ్చుక మెల్లిగా గుమ్మం వదిలి వచ్చి, తండ్రి చేతిలో సుద్ద తీసుకుని అట్టడుగున రాసింది: "నా దగ్గర 860."

"అది నీది," అన్నాడు పెయింటరు. "నాకు కావాలంటే అడుగుతాను. ఇవ్వాలో వద్దో నువ్వే చెబుదువుగాని."

పిల్ల తలూపి, రేకునే చూస్తోంది. చూసి చూసి, "నాన్నా, అక్షరానికి ఇంత అని తీసుకుంటావు కదా?" అంది.

"అవును. పెద్ద సైజు అక్షరానికి రెండు వందల యాభై."

"మరి వత్తులకి?"

"వత్తులకేంటి?"

"ఇదిగో, పోయిన నెల 'బలపాలు, పలకలు' అని రాశావు. ఎనిమిదక్షరాలు, ఒక్క వత్తు లేదు. దానికీ అక్షరానికి అంతే. 'స్త్రీ' అని రాస్తే ఒక్క అక్షరమేనా? సకి గుడి దీర్ఘం పెట్టి, కింద తవత్తు, దాని పక్కన రవత్తు. పని మూడింతలు, డబ్బు ఒక్కటేనా?"

పెయింటరు తన రాత వైపే తిరిగి చూశాడు. ఇరవై రెండేళ్ళుగా వత్తులు ఉత్తినే రాస్తున్నాడు ఆ మనిషి! వాళ్ళ నాన్న అక్షరానికింత అన్నాడు, ఇతనూ అన్నాడు. వత్తు వేసేందుకు వంగిన నడుముకి ఎవరూ కూలి కట్టలేదు. కండక్టరమ్మ ఆ రాత ముందు నిలబడి, తన ముప్ఫయ్యొక్కేళ్ళ సర్వీసులో ఇంత పదునైన ప్రశ్న ఏ తనిఖీ అధికారీ అడగలేదనుకుంది.

ఆ ఆదివారం ఆమె పిల్లలందరి ముందూ నిలబడి, "ఇన్నాళ్ళూ మీకు చెప్పిన ఒక మాట తప్పర్రా" అని మొదలుపెట్టింది. దాచుకోండి అన్న మాట తీసేసింది, మిగుల్చుకోండి అంది. మిగిల్చింది ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలంది. మీ ఇంట్లో ఎంతుందో మీరూ అడగండి అంది. "అడిగితే తంతారు" అని వెనక సీటులోంచి ఎవరో అన్నారు. "తంతే నా పేరు చెప్పండి" అంది. మర్నాడు ముగ్గురు తండ్రులు పోట్లాటకే వచ్చారు. ముగ్గురికీ వినయంగా అదే చెప్పింది. ఒకాయన ఒప్పుకోలేదు, పిల్లవాణ్ణి మానిపించాడు. పిచ్చుక కూడా రాలేదు. ఆమె ఎదురుచూడడం మాత్రం మానలేదు.

గురువారం బజారులో బట్టల కొట్టు ముందు ఆమెకి తండ్రీకూతుళ్ళు కనిపించారు. కొట్టు కొత్తది, పేరు రాయించాలి. యజమాని గల్లాపెట్టె మీద చేతులానించి కాగితం చూపిస్తున్నాడు: శ్రేష్ఠ వస్త్రాలయం.

"ఆరక్షరాలు. పదిహేను వందలు. సరేనా?"

పెయింటరు అలవాటు కొద్దీ తలూపబోయాడు. పిచ్చుక మోచేత్తో పొడిచింది. అతను గొంతు సవరించుకున్నాడు. "ఆరక్షరాలకి పదిహేను వందలండీ. వత్తులు నాలుగున్నాయి. వాటికి వేరు, వందేసి."

"వత్తులకి డబ్బులేమిటయ్యా? ఎక్కడైనా విన్నామా?"

"వద్దంటే తీసేసి రాస్తామండీ," అంది పిచ్చుక. "అప్పుడు 'శేష వసాలయం' అవుతుంది."

కొట్టులో బట్టలు కొంటున్నవాళ్ళు గొల్లుమన్నారు. యజమాని కూడా ఆపుకోలేకపోయాడు. "నీ నోరు బంగారం కానూ! వత్తుకి డెబ్బై ఐదు, ఇంకో మాటొద్దు. మొత్తం పద్ధెనిమిది వందలు." పన్నెండు వందలు బయానాగా లెక్కపెట్టి ఇచ్చాడు. పెయింటరు ఆ నోట్లు తన జేబులో పెట్టుకోకుండా కూతురి చేతిలో పెట్టాడు. పిల్ల ఒక్క క్షణం వాటిని చూస్తూ అలాగే నిలబడింది. తర్వాత వేలు తడి చేసుకుని లెక్కపెట్టింది. కండక్టరమ్మ గడపవతల నిలబడి ఆ వేళ్ళనే చూస్తోంది. లెక్క తప్పలేదు.

గంట తర్వాత బజారు వీధిలో ఒక నిచ్చెన నడిచి వస్తోంది. ముందు తండ్రి, వెనక కూతురు, భుజాల మీద వెల్డింగు వేడి ఇంకా ఆరని మెట్లు. ఆమె పక్కకి తప్పుకుని దారిచ్చింది.

"అమ్మమ్మా, ఆదివారం వస్తున్నా," అంది పిచ్చుక, ఆగకుండానే. అని, ముందుకి కేకేసింది. "నాన్నా, బయానా పన్నెండొందల్లో వెల్డింగుకి ఎనిమిది వందలు, కుంచెకి అరవై. ఇంకెంతుంది?"

పెయింటరు అటూ ఇటూ చూశాడు. వీధి నిండా జనం. "మూడు వందల నలభై," అన్నాడు గొంతు తగ్గించి.

"వినపడలేదు."

"మూడు వందల నలభై!" అన్నాడు పెయింటరు. టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా తల తిప్పి చూశారు.